దిగి నడవని మా బావ

గుర్రప్పందెం అనగానే మనవాళ్ళకు మలక్‌పేట గుర్తొస్తుంది. గేటు తెరుచుకోవడం, దుమ్ము లేవడం, రెండు నిమిషాల్లో కొందరు ఎగిరి గంతేయడం, మిగతావాళ్ళు చీటీలు చింపుకోవడం. మా బావ నన్ను ఈడ్చుకుపోయిన పందెం అలాంటిది కాదు. అలాంటిదైతే రెండు నిమిషాల్లో నా పీడ కూడా వదిలేది. ఇది పొద్దున మొదలై పగటి భోజనం వేళ దాటేదాకా సాగే పందెం. రాళ్ళ దారులు, చెలకలు, వాగులు, ఊళ్ళు దాటుకుంటూ గుర్రం నలభై కిలోమీటర్లు పోయి రావాలి.

పోయి రావడం ఒక్కటే అయితే బాగుండేది. ముందొచ్చినవాడు గెలిచినట్టు కాదు, అదీ అసలు మెలిక. వచ్చాక జీను విప్పి, నీళ్ళు పోసి, గుర్రాన్ని చల్లబరిచి, అరగంట లోపల పశువుల డాక్టరు ముందు నిలబెట్టాలి. డాక్టరు స్టెతస్కోపు పెట్టి వింటారు. గుండె నిమిషానికి అరవై నాలుగు సార్లకు మించి కొట్టుకుంటే, నువ్వు గాలికంటే ముందొచ్చినా సరే, ఆ రోజు నువ్వు రానట్టే. మనిషి గెలవాలన్న ఆత్రంలో మూగజీవాన్ని చంపకుండా పెట్టిన నియమం. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. మా బావకు అర్థం చేయించడానికి మాత్రం నా నోట్లో తడి మొత్తం ఆరిపోయింది.

మా బావ అంటే మా అక్క మొగుడు. మేడ్చల్ పక్కన అత్వెల్లి ఆయన ఊరు. వాళ్ళకు ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. తొంభైల్లో బోర్లు ఎండిపోయి తోట పడావు పడితే, ద్రాక్ష తీగలు పాకించిన రాతి కడీలు పీకేసి, అవే కడీలు ప్లాట్లకు హద్దులుగా పాతి, రియల్ ఎస్టేట్‌లో దిగాడు. ఆ ఊపులోనే వార్డు మెంబరుగా నిలబడ్డాడు. ఓడిపోయాడు. ఎంత ఘనంగా ఓడాడంటే, మా అక్క కూడా తనకే ఓటేసిందా లేదా అని ఇప్పటికీ అనుమానంగానే ఉంటాడు. ఫలితాలు వచ్చిన రోజు నుంచి ఆయన వెనక తిరిగే మనుషులు మాయమయ్యారు. ఆ తర్వాత కొద్ది రోజులకే మేడ్చల్‌లో పెళ్ళి ఊరేగింపుల గుర్రాలు నడిపే ఒకాయనకు ప్లాటు అమ్మడానికి పోయి, ప్లాటు సగం ధరకు గుర్రాన్ని జమకట్టించుకుని, దాని మీద కూర్చుని ఇంటికొచ్చాడు.

ఎర్రమట్టి రంగు గుర్రం. ముందు కాలొకటి తెలుపు. పొడుగు మొహం, అంతకంటే పొడుగు ఆకలి. అక్క పెరట్లో తోటకూర తిన్నది, పక్కింటివాళ్ళు ఎండబోసిన వడ్లు తిన్నది, కరెంటు బిల్లు తిన్నది. ఒకరోజు మా బావ బల్ల మీద పెట్టిన వెంచర్ మ్యాపు మొత్తం నమిలి మింగింది. ఆ తర్వాత నుంచి ఏ ప్లాటు ముందు ఆగమంటే ఆ ప్లాటు ముందే ఆగేదని బావ అందరికీ చెప్పేవాడు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను, నిజమే. కార్నర్ ప్లాటు దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగేది.

అక్క బాధ తోటకూర గురించి కాదు. బావ తెల్లారకముందే గుర్రమెక్కి వెళ్ళిపోయేవాడు. ప్లాట్లు చూడ్డానికి సికింద్రాబాద్ నుంచి వచ్చినవాళ్ళు వాకిట్లో కుర్చీలేసుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళకు చాయ్ మీద చాయ్ పోసి, "వస్తడు, ఇగ వస్తడు" అని సర్దిచెప్పడం అక్క పని. ఆయన పగటి బువ్వ వేళకు దుమ్ము కొట్టుకుని దిగేసరికి వాళ్ళు బస్సెక్కి ఉండేవాళ్ళు.

ఇదిలా నడుస్తుండగా శామీర్‌పేట చెరువు కట్ట మీద బావకు ఒక రిటైర్డు కర్నల్ సాబ్ తగిలాడు. ఆయన ఆ పక్కనే పది గుర్రాలతో శాల నడిపేవాడు. ఏడాదికోసారి ఈ దూరపు పందెం పెట్టేది కూడా ఆయనే. మా గుర్రాన్ని చుట్టూ తిరిగి చూసి, కాళ్ళు తడిమి, ఛాతీ మీద చెయ్యేసి, "ఇస్ మే దమ్ హై. మంచి దమ్మున్న జాన్వర్, పటేల్" అన్నాడట. గుర్రానికి దమ్ముందని ఆయనన్న మాటను బావ తనకు దమ్ముందని విన్నాడు. మరుసటి రోజే పందెంలో పేరిచ్చి వచ్చాడు.

అక్క ఆ సంగతి విన్నప్పుడు వాకిట్లో కూర్చుని బెండకాయలు తరుగుతోంది. నేనూ అక్కడే ఉన్నాను. అప్పట్లో మేడ్చల్‌లో నాకొక జిరాక్స్, ఎస్టీడీ షాపు ఉండేది. పగటి బువ్వకు అక్క దగ్గరికి పోవడం నా అలవాటు. ఆ అలవాటే నా కొంప ముంచింది.

"గా పోటీల డాక్టరుంటరా?" అని అడిగింది అక్క, కత్తి ఆపకుండానే.

"ఉంటరు. డాక్టరు పాస్ అంటేనే పాస్."

"అయితే ఇను. డాక్టరు నీ గుర్రాన్ని పాస్ జేస్తే ఉంచుకో, నేను మల్ల నోరు తెరువ. ఫెయిలంటే మాత్రం గా కర్నల్ సాబుకే ఇచ్చి రా. ఇగ నా వాకిట్ల గుర్రం కనవడొద్దు."

"గంతేనా?"

"గంతే."

బావ అప్పుడే గెలిచినవాడిలా నా వైపు తిరిగాడు. "బామ్మర్దీ, ఇన్నవ్ గదా? నువ్వే సాక్షివి."

నేను సాక్షిగా ఆగిపోతే ఈ కథ లేదు. ఆ పందెంలో ప్రతి గుర్రానికీ వెనక ఒక మనిషి ఉండాలట. నీళ్ళ డబ్బాలు, స్పాంజీ, బకెట్లు వేసుకుని దారిలో అక్కడక్కడా కాపుకాసి, గుర్రం రాగానే మెడ మీదా కాళ్ళ మీదా నీళ్ళు పోసి చల్లబరచాలి. మిగతావాళ్ళకు జీపులున్నాయి, పనివాళ్ళున్నారు. మా బావకు నేనూ, నా స్కూటరూ ఉన్నాము. షాపు షట్టరు దించి, రెండు వారాల పాటు మట్టిరోడ్ల మీద గుర్రం వెనక స్కూటరు తోలాను. ఆ దుమ్ముకు నా జుట్టు ఎర్రబడితే మా వీధిలోవాళ్ళు రంగేసుకున్నాననుకున్నారు.

కర్నల్ సాబ్ మమ్మల్ని పిలిచి మెళకువలు చెప్పాడు. నీళ్ళు ఎక్కడ పోయాలో, ఎక్కడ పోయకూడదో, నోటి చిగుళ్ళ రంగు ఎలా చూడాలో చెప్పి, చివరికి అసలు విషయానికొచ్చాడు.

"దేఖో పటేల్, ఆఖరి కిలోమీటర్ల గుర్రం దిగాలె. పక్కన నడవాలె. లగామ్ ఢీలా ఇడవాలె. ఆరామ్‌గ రావాలె. అప్పుడు దాని దిల్ కిందికి దిగుతది. గిది మర్సిపోతే మొత్తం బేకార్. పెద్ద పెద్ద ఫౌజీలు సుత నడిసే వస్తరు."

బావ ప్రతి మాటకూ తలూపాడు. తిరిగొచ్చేటప్పుడు గుర్రాన్ని నా స్కూటరు పక్కకు తెచ్చాడు.

"నేను దిగుడేంది బామ్మర్దీ? గుర్రమున్నోడు ఏడన్న నడుస్తడా?"

"అందరూ నడుస్తరని ఆయన చెప్పిండు గదా బావ!"

"ఆళ్ళు పట్నపోళ్ళు. ఆళ్ళను ఎవ్వడు జూస్తడు? మా ఊరోళ్ళు జూడనీకొస్తుండ్రు. ఓట్లేసేటోళ్ళ ముంగట నడుసుకుంట వస్తే ఏమంటరు?"

"నీకు ఓట్లెయ్యలేదు గదా!"

"అందుకే," అన్నాడు.

ఊరివాళ్ళు వస్తున్నారన్న ముక్క నేను అప్పుడే పట్టుకుని ఆరా తీయాల్సింది. దాహంతో ఉన్నాను, చెవికెక్కలేదు.

పందెం రోజు చలికాలపు ఆదివారం. శామీర్‌పేట అవతల ఒక ఖాళీ మైదానంలో షామియానా వేశారు. ఫౌజీలు, పట్నం క్లబ్బులవాళ్ళు, బూట్లు, టోపీలు, ఒంటికి అతుక్కున్న ప్యాంట్లు. మధ్యలో మా బావ తెల్ల లాల్చీ, పైజామా, భుజాన కండువా, నెత్తి మీద కర్నల్ సాబ్ అప్పిచ్చిన హెల్మెట్. నామినేషన్ వేయడానికి మోటారు సైకిలు మీద పోతున్నవాడిలా ఉన్నాడు.

డాక్టరు ఒక అమ్మాయి. ఆంధ్ర వైపు మాట. నెమ్మదైన మనిషే కానీ కళ్ళు మాత్రం సూదుల్లా ఉండేవి. గుర్రం చిగురు వేలితో నొక్కి చూసింది, మెడ మీద తోలు గిల్లి చూసింది, పొట్టకు స్టెతస్కోపు పెట్టి విన్నది. తర్వాత గుర్రాన్ని పట్టుకుని నేరుగా పరిగెత్తమంది. గుర్రం కుంటుతోందా అని చూడ్డానికట. బావ కండువా సర్దుకునే పనిలో ఉన్నాడు కాబట్టి నేనే పగ్గం పట్టుకుని పరిగెత్తాను. ఆ రోజు నేను కొత్త చెప్పులు వేసుకుని ఉన్నాను.

"కుంటుతున్నట్టుందండీ," అన్నది.

నేను పగ్గం పట్టుకునే వెనక్కి తిరిగాను. "గుర్రమా మేడం?"

"గుర్రం బానే ఉందండీ. మీరే."

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. గుర్రం కూడా నవ్విందనే చెబుతాను, ఎవరు నమ్మినా నమ్మకపోయినా.

మొదటి చుట్టు అలియాబాద్ మీదుగా పోయి మైదానానికి తిరిగొచ్చేది. బావ చక్కగా పోయాడు, చక్కగా వచ్చాడు. రెండు చుట్ల నడుమ పెట్టే పరీక్షలో గుర్రం గుండె నేను రెండో బకెట్ పోసేలోపే దిగిపోయింది. "చాలా మంచి గుండె అండీ దీనిది, ఇంత తొందరగా దిగేవి తక్కువ," అన్నది డాక్టరమ్మ. బావ ఆమెకు కృతజ్ఞత చెప్పే బదులు తూర్పు ముఖం ప్లాటొకటి ఉంది చూస్తారా అని అడిగాడు. నేను చెయ్యి పట్టుకుని లాగాను.

రెండో చుట్టు కీసర వైపు. నేను స్కూటరు వేసుకుని ముందే పోయి ఒక కల్వర్టు దగ్గర డబ్బాలు దించి నిలబడ్డాను. ఒక ఫౌజీ వచ్చాడు, పోయాడు. ఇంకో ఇద్దరు వచ్చారు, పోయారు. ఒక ముసలి పార్సీ ఆయన పాట పాడుకుంటూ పోయాడు. మా బావ జాడ లేదు. ఎండెక్కింది. డబ్బాల్లో నీళ్ళు వేడెక్కాయి. పడ్డాడేమో, గుర్రం కాలు రాళ్ళలో ఇరుక్కుందేమో అని స్కూటరు తిప్పుకుని వెతుక్కుంటూ పోయాను.

సంగతేమిటంటే, కర్నల్ సాబ్ మనుషులు దారి తెలియడానికి మట్టి మీద సున్నంతో గీతలు వేశారు. ఆ రోజుల్లో కీసర రోడ్డులో సున్నం గీతలేని చెలక ఎక్కడుంది? ప్రతివాడూ పొలాన్ని గీతలు గీసి ప్లాట్లు చేస్తున్న కాలం. మిగతావాళ్ళు పందెం గీతను పట్టుకుని ముందుకు పోయారు. మా బావ మాత్రం ఒక వెంచర్ దగ్గర గీతలు అడ్డంగా, నిలువుగా కనిపించేసరికి, అలవాటు కొద్దీ అందులోకి మలుపు తిరిగాడు. నేను పోయి చూసేసరికి ఆ లేఅవుట్ మధ్యలో, పార్కుకు వదిలిన జాగాలో, గుర్రం మీద కూర్చుని ఉన్నాడు. కింద ఆ వెంచర్ మనిషి చేతిలో కూల్‌డ్రింకు సీసాతో, గుర్రం మీదొచ్చిన కస్టమర్‌ను మొదటిసారి చూస్తూ చేతులు నలుపుకుంటున్నాడు.

"బావా! పోటీ!" అని అరిచాను.

"ఆగు జర. గీళ్ళు ముప్పై ఫీట్ల రోడ్డని రాసిండ్రు. ఇరవై గూడ లేదు. గుర్రం నడకల తెలుస్తలేదా నాకు?"

"నీ రోడ్డు మన్నుగాను! అక్క మాట యాదికున్నదా లేదా?"

ఆ మాట తగిలింది. సీసా ఖాళీ చేసి, గుర్రాన్ని తిప్పాడు. పోతూ పోతూ ఆ మనిషికి తన విజిటింగ్ కార్డు ఇచ్చాడు.

టైము ఇంకా చాలానే ఉంది. తొందరపడాల్సిన పని లేదు, నెమ్మదిగా వచ్చినా పందెం గడువు లోపలే పడతాడు. ఆ మాటే పదిసార్లు చెప్పి, చివర్లో దిగి నడువు బావా అని చేతులు జోడించి, నేను రోడ్డు దారిన మైదానానికి వచ్చేశాను.

మైదానంలో అడుగుపెట్టగానే నాకు డప్పులు వినిపించాయి.

అత్వెల్లి నుంచి డీసీఎం వ్యానులో సగం ఊరు దిగి ఉంది. బావే వారం ముందు అందరికీ కబురు పెట్టి, బండి మాట్లాడిపెట్టాడట. పూలదండలు, శాలువాలు, లడ్డూల డబ్బా, "ఘన స్వాగతం" అని రాసిన గుడ్డ బ్యానరు. నేల మీద పాములా పరిచిన టపాకాయల లడీ. ఓట్ల రోజు కనపడని మనుషులంతా లడ్డూల రోజు కనపడ్డారు. అక్క కూడా వచ్చింది. వ్యాను ముందు సీట్లో, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, మొహంలో ఏమీ కనపడనియ్యకుండా కూర్చుని ఉంది.

అప్పుడే ఫౌజీలు ఒక్కొక్కరే వస్తున్నారు. దిగి, పగ్గం వదులు చేసి, గుర్రాల పక్కన నడుస్తూ. మావాళ్ళకు అది చూసి నవ్వాగలేదు.

"అరే, గుర్రముండంగ నడుస్తుండ్రేందిరా!"

"గుర్రానికి మనిషి బరువు ఆగలేదు గావచ్చు."

"మన పటేల్ జూడు, ఎట్ల వస్తడో!"

నేను డప్పులవాళ్ళ మధ్యలోకి దూరాను. "అన్నా, దండం పెడ్త, కొట్టకుండ్రి! గుర్రం గుండె నిమ్మళం కావాలె! టపాకాయలు తియ్యుండ్రి!"

"గుండె ఆగుతదా తమ్మీ? గుర్రం సచ్చిపోతదా ఏంది?" అని ఒకాయన కంగారుపడ్డాడు.

"ఆగుడు గాదన్నా, నిమ్మళం..."

"బీమారీ గుర్రాన్ని తెచ్చిండా పటేల్?"

ఇక నాకు ఏడుపొక్కటే తక్కువ. అక్క నన్ను చూసి, వ్యాను దిగొచ్చి, "ఆపుండ్రి!" అని ఒక్క మాటన్నది. డప్పులు ఆగాయి. ఈ ఉపన్యాసమంతా నేను మొదటే ఆమెకు చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ నిశ్శబ్దంలో చెరువు కట్ట చివర బావ కనిపించాడు.

నేను నా కళ్ళను నమ్మలేదు. ఆయన నడుస్తున్నాడు. నిజంగా దిగి, హెల్మెట్ చంకలో పెట్టుకుని, పగ్గం వదిలేసి, గుర్రం పక్కన పిల్లను బడికి తీసుకుపోతున్న తండ్రిలా నెమ్మదిగా నడిచి వస్తున్నాడు. గుర్రం తల కిందికి దించి ఆయన భుజానికి రాసుకుంటూ వస్తోంది. దారిలో ఏమనిపించిందో, అక్క మాటే గుర్తొచ్చిందో, మొత్తానికి ఆ మొండిమనిషి నడిచాడు. ఆ కట్ట మీద ఉన్నంతసేపు మా బావంత బుద్ధిమంతుడు మేడ్చల్ తాలూకాలో లేడు.

అదే క్షణంలో ఎవడో, "అగో! పటేల్ వచ్చిండు!" అని అరిచాడు. డప్పులు మోగాయి. ఇక అవి అక్క మాటకూ ఆగలేదు, ఎవరి మాటకూ ఆగలేదు.

బావ తలెత్తాడు. బ్యానరు చూశాడు. జనాన్ని చూశాడు. తను నేల మీద ఉన్నానని ఆయనకు ఒక్కసారిగా తెలిసినట్టుంది. హెల్మెట్ నెత్తిన పెట్టుకున్నాడు, కండువా విదిలించాడు, రికాబులో కాలు పెట్టాడు.

"వద్దు బావా! వద్దు!" అని నేను అరిచిన అరుపు కరీంనగర్ దాకా వినపడి ఉంటుంది. వినపడాల్సిన చెవికి మాత్రం వినపడలేదు.

గుర్రం ఎగిరొచ్చినట్టే వచ్చింది. అంత అందమైన పరుగు నేను మళ్ళీ చూడలేదు. అంత పనికిమాలిన పరుగు కూడా చూడలేదు. గీత దాటగానే లడీ పేలింది. గుర్రం ముందుకాళ్ళు లేపింది. బావను దించి భుజాల మీదికెత్తుకుని తీన్మార్ మొదలుపెట్టారు. నేను పొగలో తడుముకుంటూ పోయి జీను పట్టీలు విప్పాను. ఒక బకెట్ నీళ్ళు పోసి రెండోది తెచ్చేలోపు, ఎవరో పెద్దమనిషి గుర్రానికి కూడా సన్మానం చేయాలని చెప్పి, ఆవిర్లు కక్కుతున్న ఆ ఒంటి మీద ఉన్ని శాలువా కప్పాడు. నేను లాగేస్తే ఇంకొకాయన ఇంకొకటి కప్పాడు. నేను తీస్తూ పోయాను, వాళ్ళు కప్పుతూ పోయారు. ఆ రోజు మా గుర్రానికి జరిగినంత సన్మానం మా మండలంలో ఏ మనిషికీ జరిగి ఉండదు.

కర్నల్ సాబ్ దూరంగా నిలబడి రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు.

అరగంట ముగిసే లోపు ఎలాగో జనాన్ని చీల్చుకుని గుర్రాన్ని డాక్టరమ్మ ముందు నిలబెట్టాను. ఆమె స్టెతస్కోపు పెట్టి, గడియారం చూస్తూ వింటోంది. బావ పరిగెత్తుకొచ్చాడు, మెడలో దండలు, చెవి వెనక టపాకాయ కాగితం ముక్క. అక్క వచ్చి నా పక్కన నిలబడింది. నేను మనసులో ఆ గుర్రాన్ని బతిమాలాను. నీ తోటకూర నీకే, మా కరెంటు బిల్లులన్నీ నీకే, జర నిమ్మళించవే తల్లీ అని.

"అరవై ఎనిమిది," అన్నది డాక్టరమ్మ.

బావకు అర్థమయ్యింది. అయినా ఆయన అలవాటు ఊరుకుంటుందా? గొంతు తగ్గించి, రిజిస్ట్రేషన్ ఆఫీసులో మాట్లాడే గొంతు తెచ్చుకున్నాడు.

"మేడం, నాలుగే గదా ఎక్కువ. జర సూసీసూడనట్టు రాయుండ్రి. పొద్దుగాల మీరే గదా మంచి గుండె అన్నరు."

"ఇప్పుడూ అదే అంటానండీ. గుండె మంచిదే."

"మరింకేంది?"

"అది నిమ్మళంగా వస్తుంటే మీరే ఎక్కి పరిగెత్తించారు. నేను కట్ట మీద చూస్తూనే ఉన్నాను."

బావ మెడలో దండలు ఒక్కొక్కటే తీసి చేతికి చుట్టుకున్నాడు. వెనక లడ్డూలు పంచుతూనే ఉన్నారు. పటేల్ ఓడిపోయాడని చెబితే, "ఉర్కుకుంట వచ్చింది మనదొక్కటే గదా, ఓడిపోవుడేంది?" అని నా మీద తగువుకొచ్చారు.

అక్క ఏమీ అరవలేదు. అరిస్తే బాగుండేది. "రేపు పొద్దుగాల తోలుకపోయి ఇచ్చి రా," అని వ్యాను ఎక్కి కూర్చుంది.

మరుసటి రోజు బావ గుర్రాన్ని శామీర్‌పేటకు తీసుకుపోయి కర్నల్ సాబ్ శాలలో కట్టేశాడు. నేను గడ్డిమోపు స్కూటరు వెనక కట్టుకుని తోడు పోయాను. నేను నా షాపు షట్టరు లేపుకుని, పీడ వదిలిందనుకున్నాను.

వారం తిరిగిందో లేదో, షాపులో ఫోను మోగింది. అక్క.

"తమ్మీ, మీ బావ ఏడున్నడు?"

"నాకేం తెలుసు? ప్లాట్ల కాడ లేడా?"

"ప్లాట్లా? తెల్లారకముందు లేసి మేడ్చల్‌కు బస్సు, ఆడికెల్లి శామీర్‌పేటకు ఇంకో బస్సు. గుర్రానికి తానం బోస్తడట, మాలిష్ జేస్తడట, గిట్టలు కడుగుతడట. దీపాలు వెట్టినంక వస్తుండు. నిన్న గిరాకొస్తే నేనే పోయి ప్లాటు సూపెట్టొచ్చిన. గుర్రం ఇంట్ల ఉన్నప్పుడు పగటి బువ్వకన్న ఇంటికొస్తుండె గీ మనిషి!"

"మరేం జెయ్యాలంటవక్కా?"

"పోయి గుర్రాన్ని తోలుకరా."

నేను నవ్వు ఆపుకున్నాను. "మాట మీద నిలవడనని ఒప్పుకుంటవా అయితే?"

"గుర్రం కోసం గాదురా. మొగుని కోసం. జల్దీ పో." ఫోను పెట్టేసింది.

మళ్ళీ షట్టరు దించాను. మళ్ళీ స్కూటరు. నేను పోయేసరికి బావ మోకాళ్ళ మీద కూర్చుని గుర్రం గిట్టలో ఇరుక్కున్న రాయి తీస్తున్నాడు. అక్క మాట చెప్పగానే ఆయన రెండోసారి అడగలేదు, నమ్మడానికి కూడా ఆగలేదు. కర్నల్ సాబ్‌కు దండం పెట్టి అప్పుడే జీను వేశాడు. ఆయన గుర్రం మీద, నేను దాని వెనక మొదటి గేరులో, ఎండలో అత్వెల్లి దాకా. మధ్యలో మూడుసార్లు నన్ను ఆపి, ఎంత హుషారుగా ఉందో చూడు అన్నాడు. మూడుసార్లూ చూశాను.

అక్క వాకిట్లో నిలబడి ఉంది. గుర్రాన్ని చూడలేదు, బావనే చూసింది.

"ఇంకోపారి పోటీ గీటీ అన్నవనుకో, గుర్రం ఈడనే ఉంటది. నువ్వు పోతవ్ గా శాలకు. గడ్డేస్తరు, తిను."

"ఇగ పోనే పోను," అన్నాడు బావ. నెత్తి మీద చెయ్యి కూడా పెట్టుకున్నాడు. అక్క లోపలికి పోయి చాయ్ తెచ్చి ఇచ్చింది, ఆయనకు ముందు, నాకు తర్వాత. అన్ని రోజుల తర్వాత ఆ ఇంట్లో నేను ప్రశాంతంగా తాగిన చాయ్ అదే. సగమే తాగాను. అక్క గిన్నెలు కడగడానికి పెరట్లోకి పోగానే బావ కుర్చీ నా దగ్గరికి జరిపాడు.

"బామ్మర్దీ, నన్ను పోవద్దన్నది మీ అక్క. గుర్రాన్ని పోవద్దనలే."

నాకు చాయ్ పొలమారింది.

"నువ్వు సన్నగున్నవ్, బరువుండవ్," అన్నాడు, నన్ను పైనుంచి కిందికి కొలుస్తూ. "మీది కూసోని రావుడే గదా. ఆఖరికి దిగి నడుసుడు నీకేం కష్టం? నీకు ఓట్ల పంచాయితీ లేదాయె..."

గ్లాసు అక్కడే పెట్టేసి బయటికొచ్చాను. స్కూటరుకు ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాలేదు. బావ గడప దగ్గరికి వచ్చి నిలబడి, నడుము నిటారుగా ఎలా పెట్టాలో, మోకాళ్ళు లోపలికి ఎలా నొక్కాలో చెబుతూనే ఉన్నాడు.